పాట తెగే చోటు

జనవరి 4

కొత్త స్టీరియో పట్టుకుని రమ్మని ఓనరు గారు నిన్న రాత్రి ఫోను చేశారు. పాపికొండల ట్రిప్పులకి తిరిగే లాంచీ ఆయనది. పైడెక్కు మీద పాటలు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయట, కాసేపటికి వాటంతటవే వస్తున్నాయట. దసరా తర్వాత వేరే మెకానిక్కు ఒకసారి స్టీరియో మార్చాడు. ఆ కొత్తదీ అలాగే ఆగుతోంది. సంక్రాంతికి బుకింగులు నిండిపోయాయి కాబట్టి ఈలోగా మూడోది పెట్టించేస్తే గొడవ వదిలిపోతుందని ఆయన ఆలోచన. స్టీరియో మార్చినా తెగులు మారలేదంటే అది స్టీరియోలో లేదన్నమాట. నేను కొత్తదేదీ తీసుకెళ్లలేదు. మీటరు, టెస్టు ల్యాంపు, రెండు హెడ్‌లైటు బల్బులు సంచిలో వేసుకుని తెల్లవారకముందే రాజమండ్రి నుంచి బండి తీశాను.

గండి పోచమ్మ రేవుకి చేరేసరికి నీళ్ల మీద మంచు ఇంకా విడలేదు. లాంచీ ఎక్కాక ఏ వైరూ ముట్టుకోలేదు. రోజూ దాంతో ఉండేవాళ్లని కూర్చోబెట్టి ముందు ఒకటే అడిగాను: ఆగినప్పుడు స్టీరియో మీద లైటు కూడా పోతోందా, లైటు ఉండగానే పాట పోతోందా? దీనికి జవాబు వస్తే సగం పని తేలినట్టే. లైటు పోతే కరెంటు అందడం లేదని అర్థం. అప్పుడు బ్యాటరీ, ఫ్యూజు, వైరు, జాయింట్ల వెంట వెతకాలి. లైటు వెలుగుతూనే పాట పోతే ఆంప్లీ వైపు, స్పీకర్ల వైపు చూడాలి.

"రెండు రకాలుగానూ ఆగుద్దన్నా" అన్నాడు మైకు పట్టుకునే కుర్రాడు. ఓనరు గారు "వాడికేం తెలుసండీ" అని కొట్టిపారేశారు. నేను మాత్రం రాసుకున్నాను. రోజంతా ఆ పెట్టె పక్కనే నిలబడేది వాడే.

సరంగు బాబాయి ఇంకో మాట చెప్పాడు. "ఎగువకెళ్లేటప్పుడే ఎక్కువ, అబ్బాయ్. కొండల మధ్యకొచ్చాక ఫోటోలు దిగుతామని జనం గోల పెడతారు కదా, ఇంజను బాగా తగ్గించేస్తాను. అప్పుడైతే మరీ. దిగువకి ఫుల్లు మీద వస్తుంటే అంత ఉండదు." ఇంజను వేగానికీ పాటకీ సంబంధం ఉందని ఆయన చెవితోనే పట్టుకున్నాడు. మీటరు చెప్పేది కూడా చివరికి ఇదే అవుతుందని నాకు అనిపిస్తోంది.

ట్రిప్పు వెంట నేనూ వెళ్లాను. ఫోను బ్లూటూతు మీద అనుమానం ఉందన్నారు కాబట్టి దేవీపట్నం దాటకముందే దాన్ని కట్టేయించి పెన్‌డ్రైవు పెట్టించాను. అయినా ఆగింది, లైటుతో సహా. బ్లూటూతు సంగతి అక్కడితో సరి. తర్వాత పాటలు మార్పించి చూశాను. 2006లో వచ్చిన ‘గోదావరి’ సినిమాకి కె.ఎం. రాధాకృష్ణన్ కట్టిన పాటలు ఆ లాంచీలో రోజూ మోగుతాయి. అవి మెత్తగా సాగినంతసేపూ ఒక్కసారీ తెగలేదు. డ్యాన్సు కుర్రాళ్లు డప్పు పాట పెట్టమన్నారు. దరువు పడ్డ చోటల్లా లైటు మిణుకుమంది, మూడో దరువుకి మొత్తం ఆరిపోయింది. దరువు పడ్డప్పుడు ఆంప్లీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ లాగుడుకి సరిపడా కరెంటు పైకి రావడం లేదు.

జనవరి 5, రాత్రి

దేవీచౌక్ దగ్గర షాపు కట్టేశాక ఇంట్లో లెక్క వేసుకుంటున్నాను.

బ్యాటరీలు వెనక ఇంజను గదిలో ఉన్నాయి. ఆంప్లీ పైడెక్కు మీద, బల్ల కింద అరలో ఉంది. వైరు మెట్ల పక్కనుంచి తిరిగి తిరిగి పోవడంతో ఒకవైపే 11 మీటర్లు తేలింది. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్కకి 22 మీటర్లు. ఇళ్లల్లో ప్లగ్గు పాయింట్లకి లాగే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరే అక్కడా వేశారు. ఇంట్లో 230 వోల్టుల మీద ఆ వైరుకి ఏ ఇబ్బందీ ఉండదు. ఒకటి రెండు వోల్టులు దారిలో పోయినా ఫ్యానుకి తెలియదు. 12 వోల్టుల మీద అదే రెండు వోల్టులు పోతే ఆరో వంతు పోయినట్టు.

ఆ సైజు రాగి వైరుకి మీటరుకి 7.4 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. 22 మీటర్లకి 163. దరువుకి ఆంప్లీ 15 ఆంపియర్లు లాగిందనుకుంటే వైరులోనే దాదాపు రెండున్నర వోల్టులు హరించుకుపోతాయి. ఇంకా ఫ్యూజు, జాయింట్లు లెక్కలోకి రాలేదు. బ్యాటరీ దగ్గర 12 ఉంటే ఆంప్లీ దగ్గర తొమ్మిదిన్నర. చాలా ఆంప్లీలు, స్టీరియోలు 10 వోల్టుల దరిదాపుల్లోకి దిగితే తమంతట తాము ఆగిపోతాయి. పాట ఆగగానే లాగుడు తగ్గుతుంది, వోల్టులు మళ్లీ లేస్తాయి, పెట్టె మళ్లీ వెలుగుతుంది. జనం దీన్ని చూసి స్టీరియో చెడిందంటారు. అది తన్ను తాను కాపాడుకుంటోంది. మేడ మీద ట్యాంకు నిండా నీళ్లున్నా బక్క గొట్టం బిగిస్తే ఒక కొళాయి తిప్పినప్పుడు బాగానే పడి, మూడు తిప్పగానే సన్నగిల్లినట్టు ఉంది ఇది.

కాగితం మీద లెక్క కుదిరింది. మీటరు ఏమంటుందో చూడాలి.

జనవరి 8

ఇవాళ ట్రిప్పు లేదు. లాంచీ రేవులోనే కట్టి ఉంది, పొద్దుటి నుంచి దాని మీదే ఉన్నాను.

లోడు లేకుండా మీటరు పెట్టి చూస్తే మోసపోతాం. పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా పూర్తి వోల్టులు చూపిస్తుంది. మీటరు లాగేది ఏమీ లేదు కదా. ఇందాక కూడా అంతే, ఆంప్లీ దగ్గర 12.3 చూపించింది. ఓనరు గారు అది చూసి "బానే ఉంది కదండీ" అన్నారు. అప్పుడు ఆంప్లీ విప్పేసి, ఆ వైర్లకి 55 వాట్ల హెడ్‌లైటు బల్బులు రెండు తగిలించాను. పాట దరువు దరువుకీ మారుతుంది, మీటరు ముల్లు దాని వెంట పరిగెత్తలేదు. బల్బు నిలకడగా లాగుతుంది కాబట్టి నింపాదిగా కొలుచుకోవచ్చు.

బ్యాటరీ దగ్గర 12.1. పైన బల్బుల దగ్గర 10.4. దారిలో 1.7 పోతోంది.

ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మీటరు రెండు పిన్నుల్నీ ప్లస్సుకి ఒకటి, మైనస్సుకి ఒకటి పెట్టడం అందరూ చేస్తారు. అలా కాకుండా ఒకే వైరు రెండు కొసల్లో పెట్టాలి. మంచి వైరైతే సున్నాకి దగ్గరగా చూపించాలి. ఎంత చూపిస్తే అంత ఆ ముక్కలో పోతున్నట్టు. అడుగడుగూ ఇలా కొలుచుకుంటూ వెళ్తే దాక్కునే చోటు మిగలదు. ప్లస్సు వైరులో 0.7 వచ్చింది. మైనస్సు వైరులో 0.7. ఫ్యూజు హోల్డరు అటూ ఇటూ పెడితే 0.3.

మూడూ కలిపితే 1.7. లెక్క పైసాతో సహా తేలింది. కుర్రాడు కాగితం మీద కూడి చూసి చాలా సంబరపడ్డాడు. వాడి చేత ఇంకోసారి మొదటి నుంచీ కొలిపించాను.

ఫ్యూజు హోల్డరు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. గాజు గొట్టం ఫ్యూజు పెట్టే రకం. లోపల స్ప్రింగు మెత్తబడింది, ప్లాస్టిక్కు ఒకవైపు కరిగి గోధుమరంగుకి తిరిగింది. ఫ్యూజు పోలేదు, పట్టే పట్టు పోయింది. పైగా హోల్డరు ఆంప్లీ పక్కన ఉంది. బ్యాటరీ నుంచి అక్కడి దాకా 11 మీటర్ల వైరుకి ఏ కాపలా లేదు. మధ్యలో ఎక్కడైనా ఒరిపిడికి తోలు ఊడి ఇనుముకి తగిలితే వైరు మొత్తం నిప్పు కణికవుతుంది, పక్కనే డీజిలు. పాట ఆగడం కన్నా ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఫ్యూజు ఎప్పుడూ బ్యాటరీని ఆనుకునే ఉండాలి.

వైరు కొసలు కోసి చూశాను. రాగి నల్లబడిపోయింది, టర్మినల్ దగ్గర కిలుం పట్టింది. గోదావరిలో ఉప్పు లేకపోయినా రాత్రంతా తేమ, పగలంతా ఇంజను గది వేడి, డీజిలు ఆవిరి. టేపు చుట్టిన జాయింట్లలో టేపు జిగురు కారి లోపల నీరు నిలిచింది.

జనవరి 9

వైరు కోసం మెయిన్ రోడ్డు మీద తిరిగాను. ఒక షాపులో "ఆంప్లీ కేబులు" అని లావుపాటి ఎర్ర వైరు చవగ్గా చూపించారు. బ్లేడుతో ఒక పోగు గీకితే పైన ఎరుపు, లోపల తెలుపు. రాగి పూత పూసిన అల్యూమినియం అది. అదే సైజు రాగి కన్నా నిరోధం ఒకటిన్నర రెట్లు ఉంటుంది, వణుకుకి తొందరగా తెగుతుంది, తేమకి పొడిపొడి అవుతుంది. సముద్రపు పడవలకి వాడే తగరపు పూత వైరైతే దీనికి తిరగబడి ఉంటుంది, పైన తెలుపు, లోపల ఎరుపు. అది ఇక్కడ దొరకలేదు. మంచి రాగిలో సన్న పోగుల 16 చదరపు మిల్లీమీటర్లది తీసుకున్నాను. ధర విని ఓనరు గారు కాసేపు మాట్లాడలేదు. రెండు స్టీరియోలకి పెట్టిన డబ్బుతో పోల్చి చెప్పాక సరేనన్నారు.

కొసలకి టంకం పెట్టలేదు, లగ్గులు వేసి ప్రెస్సు చేశాను. టంకం పీల్చుకున్న మేర వైరు బిరుసెక్కుతుంది. లాంచీ ఇంజను వణుకుకి ఆ బిరుసు ఆగిన అంచు దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. లగ్గు మీద జిగురున్న స్లీవు వేడి చేసి బిగించాను. బ్యాటరీకి జానెడు దూరంలో కొత్త ఫ్యూజు హోల్డరు, 30 ఆంపియర్లది.

మైనస్సుకి కూడా అంతే లావు వైరు వేరేగా లాగుతుంటే ఇంజను డ్రైవరు "లాంచీ అంతా ఇనుమే కదండీ, రైలింగుకి ఎర్తు ఇచ్చెయ్యండి, వైరు కలిసొస్తుంది" అన్నాడు. లారీలో అలా చేస్తారు. నీళ్లలో నిలబడే ఇనుముతో అది కుదరదు. కరెంటు తిరుగు ప్రయాణానికి పడవ బాడీని వాడుకుంటే, అది నీటిలోకి దిగే చోటల్లా ఇనుముని తినేస్తుంది. అడుగు రేకు లోపలి నుంచి బాగానే కనిపిస్తుంది, బయట గుంటలు పడుతుంటాయి. ఈ మాట అతనికి నచ్చేదాకా నిలబడి చెప్పాను. ఆ పడవ మీద పసిపిల్లలతో సహా జనం ఎక్కుతారు.

సాయంత్రం మళ్లీ అవే రెండు బల్బులు. బ్యాటరీ దగ్గర 12.1, పైన 11.9కి కొంచెం తక్కువ.

జనవరి 12

మధ్యాహ్నం కుర్రాడి ఫోను. "అన్నా, దరువుకి ఆగట్లేదు. కానీ కొండల మధ్యకొచ్చాక ఒక అరగంటకి మళ్లీ లైటు పోయింది." సరంగు బాబాయి మొదటి రోజు చెప్పిన మాట అలాగే నిలిచి ఉంది. దారి బాగుపడింది, మరి బయల్దేరే చోట ఏముంది?

సాయంత్రం ఇంజను ఆగీ ఆగకముందే హైడ్రోమీటరు పట్టుకుని కిందికి దిగాను. ఇది 24 వోల్టుల ఇంజను, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉన్నాయి. మొదటి బ్యాటరీలో యాసిడ్ 1170 చూపించింది. రెండోదాంట్లో 1250 దాటింది, కానీ నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయాయి, మూతల చుట్టూ యాసిడ్ తుంపర. ఒకేసారి కొన్న బ్యాటరీలు ఒకటి నీరసించి, ఒకటి ఉడికిపోయి ఉన్నాయంటే మధ్యలోంచి ఎవరో తాగుతున్నారని అర్థం. స్టీరియో వైరు మొదటి బ్యాటరీ ప్లస్సు మీద ఉంది. స్టీరియోకి 12 కావాలి, ఇంజనుకి 24 ఉన్నాయి, సగం దగ్గర కలిపేశారు.

లారీల్లో, బస్సుల్లో ఎన్నోచోట్ల ఇదే చూస్తున్నాను. చూడ్డానికి సులువు, ఖర్చు లేదు, మొదటి నెలలు బాగానే పాడుతుంది. డైనమోకి మొత్తం మాత్రమే తెలుస్తుంది. రెండు బ్యాటరీల కొసల మధ్య 28 రాగానే ఇక చాలని తగ్గిపోతుంది. లోపల ఆ 28ని బ్యాటరీలు ఎలా పంచుకున్నాయో దానికి తెలిసే దారి లేదు. ఇంజను మళ్లీ వేయించి ఒక్కోదాని మీద మీటరు పెట్టాను: మొదటిది 12.8, రెండోది 15.2. మొదటిది ఎప్పటికీ నిండదు. రెండోది మితిమీరి ఛార్జయి నీళ్లు ఆవిరి చేసుకుంటూ చస్తుంది. రెండూ చెడతాయి, వేరువేరు కారణాలకి.

ఇంజను తగ్గించినప్పుడే ఎందుకో కూడా తేలింది. తక్కువ వేగం మీద డైనమో ఇచ్చేది నామమాత్రం. స్టీరియో అంతా ఆ నీరసించిన బ్యాటరీ మీదే పడుతుంది.

"అయితే కొత్త బ్యాటరీ వేసేద్దామండీ" అన్నారు ఓనరు గారు. కొత్తది వేసినా అదే దారి పడుతుంది, కొత్తా పాతా జత కలిపితే ఇంకా తొందరగా. ఆటోనగర్లో లారీ సామాన్ల షాపులో 24 నుంచి 12 చేసే కన్వర్టరు 30 ఆంపియర్లది ఉంది, అది తెచ్చాను. రెండు బ్యాటరీల నుంచీ సమానంగా లాగి, బయటికి ఎప్పుడూ ఒకే వోల్టులు ఇస్తుంది. దాన్ని కింద పెట్టలేదు, పైన ఆంప్లీ పక్కనే పెట్టాను. పొడవు వైరు వెంట 24 వస్తే అదే పనికి సగం కరెంటు చాలు, దారిలో పోయేదీ సగమవుతుంది. కింద ఫ్యూజు 20కి తగ్గించాను.

బ్యాటరీలు రెండింటినీ షాపుకి తెచ్చి విడివిడిగా ఛార్జింగులో పెట్టాను. భోగి లోపల మళ్లీ ఎక్కించాలి.

జనవరి 17

పండగ మూడు రోజులూ లైటు ఒక్కసారీ పోలేదట. కానీ కుర్రాడు చెప్పిన రెండో రకం మాత్రం ఉంది: లైటు వెలుగుతూనే ఉంటుంది, పాట పోతుంది. కనుమ నాడు రెండు సార్లు. "పక్కనుంచి ఇంకో బోటు పోయినప్పుడన్నా" అన్నాడు. చూడమని నేను చెప్పలేదు, వాడే గమనించాడు. ఈ కుర్రాడు నా దగ్గర పనికి వస్తానంటే రేపే పెట్టుకుంటాను.

పక్క బోటు పోతే అలలొస్తాయి, అలలొస్తే లాంచీ ఊగుతుంది, ఊగితే ఎక్కడో ఏదో దేనికో తగులుతోంది. ఆంప్లీ మీద ఎర్ర లైటు కూడా వెలుగుతోందని చెప్పాడు కాబట్టి స్పీకరు వైర్ల దగ్గర వెతకాలని తెలుసు. స్పీకరు వైర్లన్నీ ఆంప్లీ నుంచి విప్పేసి, ఒక్కో జతకీ రైలింగు ఇనుముకీ మధ్య మీటరు పెట్టాను. మామూలుగా ఏ కలయికా చూపించకూడదు. మూడు స్పీకర్లకి చూపించలేదు. ఎడమవైపు వెనక స్పీకరుకీ చూపించలేదు. కానీ ఇద్దరు కుర్రాళ్లని రైలింగు పట్టుకుని లాంచీని ఊపమంటే ముల్లు ఒక్కసారి సున్నాకి కొట్టుకుంది.

పైకప్పు రేకు, పైపు కలిసే చోట వైరు నలిగి ఉంది. రేకు అంచు తోలుని కొంచెం కొంచెంగా కోసింది. చాలా కారు ఆంప్లీల్లో స్పీకరుకి వెళ్లే రెండు వైర్లలో ఏదీ బాడీకి తగలకూడదు. తగిలిందా, లోపలి భాగాలు కాలిపోకుండా ఆంప్లీ ఆ క్షణమే మూగబోతుంది. ఇంజను ద్వారా బాడీ అంతా బ్యాటరీ మైనస్సుకి కలిసే ఉంది కదా. ఆ ముక్క కోసేసి కొత్త వైరు వేసి, రేకు బెజ్జంలో రబ్బరు బుష్షు పెట్టాను. మిగతా బెజ్జాలకి కూడా పెట్టాను. పని చిన్నది, చేతులకి రేకు గీరుకుని రక్తం వచ్చింది.

జనవరి 20

పాటల మాట ఎత్తకుండా ఇవాళ ఓనరు గారితో మాట్లాడాను. వారం రోజులుగా మనసులో మెదులుతున్నదే.

ఆ లాంచీలో మైకు కూడా అదే ఆంప్లీ గుండా పోతుంది. పాట ఆగినప్పుడల్లా మైకూ ఆగింది. ఎక్కడ ఆగిందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఇంజను తగ్గించి ఫోటోలకి నిలిపే చోటే ఆగింది. జనం కుర్చీల్లోంచి లేచి, ఒకరి భుజాల మీద ఒకరు పడి, ఒకే రైలింగు దగ్గరికి చేరే చోటది. ‘అందరూ ఒకవైపుకి రావద్దు, జాకెట్లు విప్పొద్దు’ అని గట్టిగా చెప్పాల్సిన క్షణం అదే. ఇంజను మోత, గాలి, జనం కేకల మధ్య కుర్రాడి గొంతు నాలుగో వరసకి కూడా అందదు. ఈ దారిలోనే, కచ్చులూరు దగ్గర, 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల బోటు మునిగింది. అప్పటి ఏడుపు రాజమండ్రిలో విన్నవాళ్లం మేమంతా. ఆ చోటు దాటేటప్పుడు సరంగు బాబాయి ఇప్పటికీ ఎవరితోనూ మాట్లాడడు.

పాట ఆగితే జనం విసుక్కుంటారు, అంతే. మైకు ఆగకూడదు. అందుకే రెండింటినీ విడదీయమన్నాను. మైకుకి వేరే చిన్న ఆంప్లీ, ముందొకటి వెనకొకటి హారన్లు. హారను తక్కువ కరెంటుతో దూరానికి వినిపిస్తుంది, మాటకి అదే సరి. దానికి యు.పి.ఎస్.లలో వాడే 7 ఆంపియర్‌ అవర్ల మూసిన బ్యాటరీ, సరంగు గదిలో, ఇంజను బ్యాటరీలకి దూరంగా. కన్వర్టరు నుంచి అది ఛార్జవుతూ ఉంటుంది. ఇంజను ఆగి, కింద బ్యాటరీలు నీళ్లపాలైనా మైకు ఇంకో రెండు గంటలు పలుకుతుంది. అది కూడా పోతే చేతిలో పట్టుకునే మైకు, టార్చి సెల్లులు వేసేది, చుక్కాని పక్కన మేకుకి తగిలించి ఉండాలి.

ఖర్చు గురించి ఆయన అడిగారు, చెప్పాను. "స్టీరియో బాగుచెయ్యమంటే..." అని మొదలుపెట్టి ఆగారు. కాసేపు నీళ్లవైపు చూసి, "ఎన్ని రోజులు పడుతుందండీ?" అన్నారు. నా కూలి ఈ పనికి వద్దన్నాను, సామాన్ల డబ్బు చాలు. అది ఆయనకి మంచితనం చూపించడానికి కాదు. ఆ లాంచీ మీద ఇంకెవరైనా బేరమాడి ఈ పని వాయిదా వేయించే అవకాశం ఉండకూడదని.

జనవరి 24

మైకు బిగించడం అయింది. వెనక చివరి బెంచీ దగ్గర కూర్చుని విన్నాను, ఇంజను ఫుల్లు మీద ఉండగా. ప్రతి మాటా అందింది. పేరంటాలపల్లి దాకా వెళ్లి వచ్చాం. కొండల మధ్య ఇంజను తగ్గించగానే బాబాయే మైకు తీసుకుని, అందరినీ సగం సగం రెండు వైపులా సర్దాడు. ఆ తర్వాతే పాట పెట్టనిచ్చాడు. ఇక నుంచి అలాగే చేస్తాడట.

మార్చి 19

ఎండలు ముదిరాయి. మిట్టమధ్యాహ్నం పాట ఆగుతోందని కబురొస్తే ఫోనులోనే అడిగాను, ఆంప్లీ మీద చెయ్యి పెట్టి చూడమని. పెట్టలేకపోతున్నానన్నాడు కుర్రాడు. వెళ్లి చూస్తే బల్ల కింద అర నిండా అదనపు లైఫ్ జాకెట్లు కుక్కి ఉన్నాయి, ఆంప్లీ మీదా చుట్టూ కూడా. గాలాడే సందు లేదు. వేడి ఒక హద్దు దాటితే ఆంప్లీ తనే ఆగుతుంది, చల్లబడ్డాక తనే వస్తుంది. జాకెట్లు మూసిన అరలో ఉండటం అన్నిటికంటే తప్పు. వాటిని మెట్ల పక్క తెరిచిన ర్యాకులోకి మార్పించాను, చెయ్యి చాపితే అందేలా. ఆంప్లీని గోడకి, రెక్కలు నిలువుగా ఉండేలా బిగించి, అర తలుపుకి కిందా పైనా జాలీ పెట్టాం.

బ్యాటరీలు చూశాను. ఇంజను మీద మొత్తం 28.1. మొదటిది 14.0, రెండోది 14.1. నీళ్లు రెండింటిలో ఒకే మట్టంలో ఉన్నాయి. కుర్రాడు వారం వారం రీడింగులు ఒక పుస్తకంలో తేదీలేసి రాస్తున్నాడు.

పక్క రేవులో ఇంకో లాంచీ ఆయన వచ్చి అడిగారు, వాళ్లకీ పాట ఆగుతోందట. దాంట్లో కూడా 12 మధ్యలోంచే తీశారు, వెళ్లి చూసొచ్చాను. గురువారం పని. తీసుకెళ్లాల్సినవి: 16 సైజు వైరు రెండు రంగుల్లో, లగ్గులు, స్లీవు, 20 ఆంపియర్ల ఫ్యూజులు, రబ్బరు బుష్షులు, కన్వర్టరు. చేతి మైకు ముందే కొనిపించాను, అది ఆ లాంచీలో ఇవాళే తగిలించారు.